చివరామె వెంట నడిచే ఖాలా

మా ఖాలా పోయింది. మంగళవారం పొద్దున నేను అమీర్‌పేట మెట్రో మెట్లు ఎక్కుతుంటే వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మీ పోయింది" అన్నాడు. వెనక జనం తోసుకుంటూ వస్తున్నారు. గోడవైపు జరిగి నిలబడ్డాను. అప్పుడు అతను, చాలా రోజులుగా నోట్లోనే ఉంచుకున్న మాటలాగా, "నువ్వొక్క మాట చెప్పుంటే ఇనేది అక్కా. నీ మాటైతే ఇనేది" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఖాలా అంటే ఉర్దూలో అమ్మకు అక్కో చెల్లెలో. నిజానికి ఆమె నాకు ఏ చుట్టమూ కాదు. ఇరవై నాలుగైదేళ్ల వయసులో అమీర్‌పేట గల్లీలో నేను అద్దెకు దిగిన ఇంటి యజమానురాలు. ఆమె కింద, నేను పైన. ఆడపిల్లల బడిలో గేమ్స్ టీచర్‌గా చేసి రిటైరైంది. గల్లీ అంతా ఖాలా అనేది కాబట్టి నేనూ అన్నాను. ఇల్లు మారాక కూడా ఆ పిలుపు మారలేదు.

కిడ్నీలు రెండూ పాడై, ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు పంజాగుట్టలో డయాలసిస్‌కు వెళ్లేది. పోయిన నెల ఒక మధ్యాహ్నం, ఇంక ఆపెయ్యనా అని నన్ను అడిగింది. ఆపితే ఏమవుతుందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. నేను ఆపమని అనలేదు. ఆపొద్దనీ అనలేదు. ఆమె ఆపేసింది.

నేను ఆ రోజు ఊరుకోవడం సరైనదేనా? ఈ వారమంతా ఇదే. పాఠం చెప్తూ బోర్డు మీద సగం లెక్క రాసి ఆగిపోతున్నాను, పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎందుకు ఊరుకున్నానో చెప్పాలంటే ఆడవాళ్ల గోల్ఫ్ పోటీల గురించి చెప్పాలి. నవ్వకండి. వేరే దారిలో నాకు చెప్పడం రాదు.

మీలో ఎవరైనా ఆ సాఫ్ట్‌వేర్ రోజుల్లో అమీర్‌పేటలో కోర్సు చేసి ఉంటే మీకు తెలుస్తుంది. అక్కడ నీళ్లకు కరువుండేది కానీ సలహాకు కరువుండేది కాదు. మెయిన్ రోడ్డు మీద పది అడుగులు వేస్తే చేతిలో నాలుగు పాంప్లెట్లు. హాస్టల్ వార్డెన్ ఒక కోర్సు చెప్పేది, జిరాక్స్ షాపువాడు ఇంకోటి చెప్పేవాడు. ఇడ్లీ బండి అన్న చట్నీ పోస్తూ, "జావా పనైపోయింది మేడమ్, గిప్పుడంత టెస్టింగే. నేర్సుకోర్రి, ఆర్నెల్లల్ల సెటిలైతరు" అనేవాడు. నేను ఇడ్లీ పక్కన పెట్టి నిజంగానే ఆలోచించేదాన్ని. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేశాను, కానీ ఏ చీర కట్టుకోవాలన్నా ఇద్దరిని అడిగే మనిషిని. జావా చేశాను, టెస్టింగ్ చేశాను, మధ్యలో ఇంకేదో చేశాను. నాతో చేరినవాళ్లంతా ఒక్కొక్కరే మెడలో కంపెనీ ట్యాగులు వేసుకుని బస్సులెక్కారు. నేను ఇంటర్వ్యూలకు వెళ్లి వస్తూనే ఉన్నాను. చివరికి కోర్సు చేసిన ఇన్‌స్టిట్యూట్‌లోనే పాఠాలు చెప్పడానికి కుదిరాను. పొద్దున్నే మొదలై సాయంత్రం దాకా మైకు పట్టుకుని అరిచేదాన్ని. రాత్రికి గొంతు ఉండేది కాదు.

అలాంటి గల్లీలో సలహా ఇవ్వని మనిషి ఒక్క ఖాలానే.

"ఖాలా, ఏం చెయ్యమంటవు? ఇంకో కోర్సు చేరాల్నా, ఇక్కడే ఉండాల్నా?"

"నాకేం ఎరుక బేటా. చెప్పులేస్కో. జర నడుద్దాం."

నడిచేవాళ్లం. గల్లీలోంచి మెయిన్ రోడ్డు, అక్కణ్నుంచి పంజాగుట్ట వైపు. నేను మాట్లాడుతూనే ఉండేదాన్ని, ఆమె వింటూ ఉండేది. పక్కనే నడిచేది కాదు. ఒక అర అడుగు వెనక, కొంచెం ఎడంగా. పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ చెప్పి సగం సాసర్లో పోసుకుని, సగం నా వైపు జరిపేది. మళ్లీ వెనక్కి. ఇంటర్వ్యూనుంచి వస్తే గల్లీ మొత్తం "ఏమైంది, ఏమైంది" అనేది. ఖాలా గేటు తీసి, "చెప్పులు ఆడ్నే ఇడువు, అంత బురదనే" అనేది. అంతకుమించి ఒక్క ప్రశ్న లేదు.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకది నచ్చేది కాదు. పెద్దామె, లోకం చూసినామె, ఒక్క మాట చెప్తే ఏం పోయింది అనుకునేదాన్ని.

ఆడవాళ్ల ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు ఏడాది పొడుగునా ఒక్కో ఊళ్లో ఒక్కో అంచెగా జరిగేవి. మన ఊరి అంచె వచ్చిన వారం ఖాలా ఇంట్లో దొరికేది కాదు. ఎండలో మైళ్లకు మైళ్లు నడవగల ఆడవాళ్లు కావాలని నిర్వాహకులు రిటైరైన గేమ్స్ టీచర్లను వెతికారట. వయసులో హాకీ ఆడిన మనిషి, ఎందుకు ఊరుకుంటుంది? తెల్ల కాన్వాస్ బూట్లకు సుద్ద పూసి, దుపట్టా మీద వాళ్లిచ్చిన టోపీ పెట్టుకుని గేటు దాటుతుంటే, కింద జిరాక్స్ షాపు నడిపే కొడుకు రోజూ ఏడిపించేవాడు.

"అమ్మీ, కిరికెట్ అంపైర్ లెక్క కొడుతున్నవ్. ఎవర్ని ఔట్ ఇస్తవ్ ఇయ్యాల?"

"నిన్నే ఇస్త, ముందుగాల పోయి షటర్ తెరువ్."

ఒక ఏడు చివరి రోజు నన్నూ రమ్మంది. అంతకు ముందురోజే ఒక కంపెనీలో మూడో రౌండ్ దాకా వెళ్లి బయటపడ్డాను. గొంతు పోయిందని సెలవు పెట్టి వెంట వెళ్లాను. ఊరి చివర రాళ్లగుట్టల నడుమ అంత పచ్చదనం ఉందని నాకప్పటిదాకా తెలియదు. ఎక్కడ చూసినా సాఫ్ట్‌వేర్ కంపెనీల బ్యానర్లు. చూడ్డానికి వచ్చిన జనం మాత్రం లేరు. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క బెంచీ మీద ఇరుక్కుని కూర్చునే పిల్లలంత మంది కూడా లేరు. ఆడేవాళ్లు, వాళ్ల బ్యాగులు మోసేవాళ్లు, వాళ్ల అమ్మలు, అంతే.

వచ్చేటప్పుడు ఆటోలోనే ఖాలా చెప్పింది. మూడు రోజుల ఆట. రెండు రోజులయ్యాక బాగా వెనకబడ్డవాళ్లను ఇంటికి పంపేస్తారు. మిగిలినవాళ్లు చివరిరోజు ఇద్దరిద్దరుగా బయల్దేరాలి, వెనకున్నవాళ్లు ముందు. ఒకరి దెబ్బల లెక్క ఇంకొకరు రాస్తారు. కానీ మిగిలినవాళ్లు బేసి సంఖ్యలో ఉంటే, అందరికన్నా కింద ఉన్నామెకు జత ఉండదు. ఆమె అందరికన్నా ముందు, పొద్దున్నే, ఒక్కతే బయల్దేరాలి. అప్పుడు లెక్క రాయడానికి ఆడని మనిషి ఒకరు వెంట నడవాలి. ఆ మనిషిని మార్కర్ అంటారు.

"అదే నా డ్యూటీ. ఎవ్వరు పోతమనరు. అందరు గెలిచేటోళ్ల ఎంటనే పోతమంటరు. నేనే అడిగి తీసుకున్న."

"మార్కర్ ఏం చెయ్యాలె ఖాలా?"

"ఎంట నడవాలె, రాయాలె. చెప్పొద్దు. గాలి ఎటున్నది, ఏ కట్టె తియ్యాలె, ఏం చెప్పొద్దు. ఆమె అడిగితే ఆమెకే దండుగ పడ్తది. నోరు కుట్టేసుకునుడే." నా వైపు చూసి, "నువ్ సుత" అంది.

ఆ రోజు చివరన ఉన్నామెకు ముప్పై దాటి ఉంటాయి. సికింద్రాబాద్ అమ్మాయి. సొంత ఊళ్లో ఆడుతూ అందరికన్నా కింద ఉంది. బ్యాగు మోసే మనిషి కూడా లేడు, చక్రాల బండిమీద తనే లాక్కుంటోంది. గ్లవ్ వేసుకోబోతుంటే చూశాను, కుడిచెయ్యి నల్లగా కాలిపోయి ఉంది, గ్లవ్ వేసుకునే ఎడమచెయ్యి తెల్లగా, ఇంకెవరిదో చెయ్యి తెచ్చి అతికించినట్టుంది. ఆ చెయ్యి చూస్తే ఎందుకో నాకు అలసట అనిపించింది. అన్నేళ్లు ఎండలో ఉంటే తప్ప అలా అవదు.

పొద్దుటి ఎండకు నీడలు బారుగా పడుతున్నాయి. బంతిని గుంటలోకి నెట్టే చోట ఆమె వంగిన ప్రతిసారీ ఖాలా సూర్యుణ్ని ఒకసారి చూసి రెండడుగులు పక్కకు వెళ్లేది. మొదట నాకు అర్థం కాలేదు. నన్నూ భుజం పట్టి లాగి, "నీడ ఆమె దారిల పడొద్దు" అని చెవిలో చెప్పింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లోనూ అంతే. మెట్ల మీద బల్బు కింద కూర్చుని నేను పేపర్లు దిద్దుతుంటే, మాట్లాడ్డానికి వచ్చిన ఖాలా ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకుని నిలబడేది. గల్లీలో ఇస్త్రీ బండి దగ్గరా అంతే. నేనది ఆమె నిలబడే తీరు అనుకున్నాను.

ఆట బాగా సాగలేదు. ఒక బంతి చెట్లలోకి, ఒకటి నీళ్లలోకి. ఖాలా మొహంలో ఏమీ లేదు. బంతి ఎటు పోతే అటు, అర అడుగు వెనకగా, కొంచెం ఎడంగా. పద్దెనిమిది గుంటల్లో తొమ్మిది పూర్తయ్యేసరికి దారి మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చింది. పక్కనే కార్లు ఆపే స్థలం. ఆమె బండి వదిలేసి సిమెంటు దిమ్మె మీద కూర్చుంది. చాలాసేపు లేవలేదు. వెనక జంట వచ్చేస్తోంది.

నేను ఆగలేకపోయాను. "ఆడండి మేడమ్. ఇంత దూరం వచ్చి..."

"చుప్!" అంది ఖాలా. బడిలో పిల్లల్ని గదమాయించే గొంతు.

ఆమె తలెత్తి నవ్వింది. "ఎవరు ఖాలా, ఈమె?"

"మా పై పోర్షన్ల ఉంటది. అమీర్‌పేటల సలహాల దుకాణాల నడుమ పని. అలవాటైంది, మాఫ్ చెయ్యి."

ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక ఆమె అడిగింది, నేలవైపు చూస్తూ. "ఇంక శాతగాదు ఖాలా. ఆడమంటవా, ఆపెయ్యమంటవా?"

నేను ఖాలా వైపు చూశాను. ఇప్పుడైనా చెప్తుందనుకున్నాను. అది ఏ కట్టె తియ్యాలన్న ప్రశ్న కాదు కదా. అడిగింది ఆటలో దెబ్బ గురించి కాదు.

"నేను మార్కర్ని బిడ్డా" అంది ఖాలా. "నీ బంతి ఏడ పడితే ఆడికొస్త. గంతే."

ఆమె లేచింది. పదో గుంట వైపు వెళ్తుందనుకున్నాను. బండి కార్లవైపు తిప్పింది.

ఖాలా కూడా అటే తిరిగింది. అదే నడక. కారు దగ్గర బ్యాగు ఎత్తడానికి ఒక చెయ్యి వేసింది. తలుపు మూసేదాకా ఉంది. కారు గేటు మలుపు తిరిగేదాకా నిలబడి, అప్పుడు టోపీ తీసి, ఆఫీసు గదిలో దెబ్బల లెక్క రాసిన కార్డు ఇవ్వడానికి వెళ్లింది.

తిరుగు బస్సులో ఖాలా మీద పడ్డాను. "ఒక్క మాట చెప్తే ఆడేది కదా ఖాలా! అడిగింది కూడా. ఎందుకు ఆపలే?"

కిటికీవైపు తిరిగి కూర్చుంది. మాసబ్ ట్యాంక్ దాటాక అంది: "ఆపుడు నా పని గాదు బేటా. ఆడిపిచ్చుడు సుత గాదు. ఒంటిగ పోనియ్యొద్దు, గదే నా పని. కారు దాంక పోయిన గద."

నాకు కోపం తగ్గలేదు. గల్లీ మొదట్లో ఆమె, "చాయ్ తాగుదామా?" అంది. తాగాం.

మరుసటి ఏడు పోటీలు అయిన సాయంత్రం మెట్లకింద నిలబడి కేకేసింది. "మేడమ్, గా సికింద్రాబాద్ పిల్ల మళ్ల వచ్చింది! మళ్ల లాస్టే! మళ్ల నేనే!" ఒకటే నవ్వు. "ఈపారి పద్దెనిమిదీ ఆడింది."

దాన్నుంచి నేనేదో నేర్చుకున్నానని ఇప్పుడు చెప్పగలను, అప్పుడైతే ఏమీ అనుకోలేదు. ఆ తర్వాత ఎప్పుడో ఇంటర్వ్యూలకు వెళ్లడం మానేశాను. కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చింది, ఇప్పటికీ అదే. మానేసిన రోజున ఖాలా నన్నేమీ అడగలేదు. పంజాగుట్ట దాకా నడిచి వచ్చాం. అది ఓటమో, కాదో నాకు ఇప్పటికీ సందేహమే. అయితే ఆ సాయంత్రం నేను ఒక్కదాన్నే లేను.

డయాలసిస్ మొదలయ్యాక వీలైనప్పుడల్లా నేనూ వెంట వెళ్లేదాన్ని. కొడుకు పొద్దున దింపేవాడు, నేను కాలేజీ అయ్యాక తీసుకొచ్చేదాన్ని. ఆ గదిలో చలి. దుప్పటి గడ్డందాకా లాక్కుని, మిషన్ వైపు చూడకుండా, పక్క మంచం వాళ్ల కష్టాలు వింటూ పడుకునేది. ఇంటికి రాగానే నీళ్లు కొలిచి తాగాలి. చాయ్ అయితే చిన్న గ్లాసులో అడుగున ఇంత. ఆ గ్లాసును వెలుగుకు ఎత్తి చూసి, "దవాఖాన్ల సూదిమందు గింతకంటె ఎక్కువుంటది" అనేది. మొదట్లో అలా నవ్వించేది. ఈ ఎండాకాలం నుంచి నవ్వించడం కూడా తగ్గిపోయింది. ఆటో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, గేటు దగ్గర, ప్రతిచోటా ఆగి ఊపిరి తీసుకునేది. మైళ్లు నడిచిన మనిషి.

ఆ మధ్యాహ్నం మిషన్ దగ్గరనుంచి లేచి, గోడ పట్టుకుని నడుస్తూ, ఆసుపత్రి వరండా మధ్యలో ఆగింది.

"బేటా, ఒకటి అడుగుత. సీదా చెప్పు."

"అడుగు ఖాలా."

"ఇగ చాలా? ఆపెయ్యనా?"

వద్దని అరవాలనిపించింది. ఆమె మణికట్టు మీద సూదులు పొడిచి పొడిచి ఉబ్బిన నరం కనబడుతోంది. ఆపెయ్యి ఖాలా, చాలు, అనాలనీ అనిపించింది. ఈ రెండూ ఒకేసారి ఎలా అనిపిస్తాయో నాకు తెలియదు. చివరికి నా నోట్లోంచి వచ్చింది ఇది:

"నీ బంతి ఏడ పడితే ఆడికొస్త ఖాలా."

కళ్లు పెద్దవి చేసి చూసింది. "అరె! నా మాట నాకే అప్పజెప్తవా, మేడమ్?" అని పకపకా నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. నర్సు తొంగి చూసింది. నవ్వు అయిపోయాక ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. ఆ చూపే నన్ను పట్టుకుని వదలడం లేదు. ఇంకొక మాట కోసం చూసిందా? లేక చూడాల్సింది చూసేసి ఊరుకుందా? అంత దగ్గరగా నిలబడి కూడా నేను పోల్చుకోలేకపోయాను.

"పా. చాయ్ తాగుదాం" అంది. "పూర కప్పు."

పంజాగుట్టలో మా పాత హోటల్ లేదు. ఇంకొకటి ఉంది. నిండు కప్పు తెప్పించుకుని, సాసర్లో పోసుకుని, సగం నా వైపు జరపలేదు. మొత్తం తనే తాగింది. చివరి గుక్క తర్వాత మూతి తుడుచుకుని, "మస్తుంది" అంది.

కొడుకు ఒప్పుకోలేదు. ఏడ్చాడు, అరిచాడు, పెద్దవాళ్లను పిలిపించాడు. ఒకరోజు మా ఇంటికే వచ్చాడు. "అక్కా, నువ్ చెప్పు. ఇయ్యాల్నే చెప్పు" అన్నాడు. వెళ్లాను. ఖాలా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. "వాడు తోలిండా నిన్ను?" అంది. అవునన్నాను. "మరి చెప్పు." చెప్పలేకపోయాను. నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. గల్లీలో హాస్టల్ పిల్లలు ల్యాప్‌టాప్ సంచులతో పోతున్నారు. ఆ రోజంతా అక్కడే ఉన్నాను. తర్వాతి రోజుల్లోనూ వెళ్లాను, కుర్చీ లోపలికి పోయి మంచమయ్యేదాకా.

ఆటకు మళ్లీ ఏడాది ఉంటుంది. ఆ సికింద్రాబాద్ అమ్మాయి కారెక్కి వెళ్లిపోయినా మరుసటి ఏడు వచ్చింది. ఖాలా ఊరుకోవడం అందుకే సరిపోయిందేమో. దీనికి మరుసటి ఏడు లేదు. ఇక్కడికి వచ్చేసరికి నా లెక్క తప్పుతోంది. ఖాలా కొడుకు మాటలోనూ న్యాయం ఉంది. నేను చెప్తే వినేదేమో. విని, ఇంకో ఏడాది ఆ చలి గదిలో పడుకునేదేమో. ఇంకో ఏడాది మాకు ఉండేదేమో. ఎవరికి తెలుసు? ఆమెకు తెలుసని నమ్మాలని ఉంది. రోజూ నమ్మలేకపోతున్నాను.

మంగళవారం సాయంత్రం నమాజు వేళకు ఖాలాను బయటికి తీసుకొచ్చారు. ఖబరస్తాన్ దాకా మగవాళ్లే వెళ్తారు కాబట్టి ఆడవాళ్లం గేటు దగ్గర, గోడవారగా నిలబడ్డాం. ఇంతే, ఇక్కడిదాకానే నేను రాగలిగేది అనుకున్నాను. మెట్రో వంతెన కిందినుంచి, హాస్టళ్ల మధ్య సందులోంచి ఆ వేళకు మా గల్లీలోకి కాసేపు ఎండ పడుతుంది. అది నా వీపుకు తగులుతోంది. కొడుకు తల వంచుకుని జనాజాకు ముందు భుజం పట్టాడు. ఇస్త్రీ బండి అతను ఒక పక్క, ఇంకెవరో ఒక పక్క. కొడుకు మొదటి అడుగు వెయ్యబోయేసరికి చూశాను. నా నీడ బారుగా పడి ఉంది, వాళ్లు నడవాల్సిన చోట, నేలమీద అడ్డంగా.

రెండడుగులు పక్కకు జరిగాను.